పక్కన రాసినవి

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు కరెంటు వచ్చింది. "వేళెంతయిందిరా?" అని అన్నయ్య అడిగాడు కాబట్టి గుర్తుంది. గోడ గడియారం ఆయనకి ఎదురుగానే ఉంది. కానీ అప్పటికే అందులో ముళ్ళు ఆయనకి కనిపించడం మానేశాయి. నేను చెప్పాను. "రెండూ నలభై" అని తనలో తను ఒకసారి అనుకున్నాడు. ఇంట్లో ఏది మొదలైనా వేళ చూసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు మొదలైంది కంప్యూటరు.

పొద్దున్నే రాజమండ్రి నుంచి వ్యానులో వచ్చింది. కంప్యూటర్ సెంటరాయన తీగలన్నీ తగిలించి మీట నొక్కబోయేసరికి కరెంటు పోయింది. ఆయన మా ఇంట్లోనే భోంచేసి, అరుగు మీద ఓ కునుకు తీసి లేచాక గాని రాలేదు. తెర వెలిగింది. పక్కన కూర్చున్న అన్నయ్య స్నేహితుడు, సూపరింటెండెంటు గారు చప్పట్లు కొట్టారు.

"మాస్టారూ, ఇంక మీకు రిటైర్మెంటేనండి. దీనికి పుట్టిన తేదీ, వేళ కొడితే చాలు, చక్రం అదే వేసేస్తుంది," అన్నారు.

"నేను రిటైరై మూడేళ్ళయిందండీ. మళ్ళీ ఎన్నిసార్లు చేయిస్తారు?" అన్నాడు అన్నయ్య.

తొంభైల చివరి మాట ఇది. మండపేటకి దగ్గరలో, కాలవ గట్టున ఉన్న ఊరు మాది. అన్నయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను మండపేటలో లైబ్రేరియన్ని. నేను పెళ్ళి చేసుకోలేదు. వదిన పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం. వంట నేను చేసేవాణ్ణి, కాఫీ ఆయన పెట్టేవాడు. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. మాటలన్నీ సాయంత్రం సూపరింటెండెంటు గారితో వచ్చేవి.

అన్నయ్య జాతకాలు రాసేవాడు. అది ఆయన వృత్తి కాదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. గ్రహాల మీద ఎంత నమ్మకం ఉండేదో కూడా నాకు తెలియదు. లెక్క మీద మాత్రం ఉండేది. మా ఊళ్ళోనూ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలోనూ బిడ్డ పుడితే ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి వేళ చెప్పి వెళ్ళేవారు. గడియారం లేని ఇళ్ళవాళ్ళు రైసుమిల్లు కూత పడ్డాకనో, తణుకు బస్సు వెళ్ళకముందో అని చెప్పేవారు. అన్నయ్య ఓపిగ్గా ప్రశ్నలు వేసి దాన్ని నిమిషాల్లోకి తెచ్చేవాడు. గోదావరి మీద చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చే ఒక పెద్దావిడ పొద్దు ఎంత ఎత్తున ఉందో చెయ్యెత్తి చూపించేది. ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పలేదని అన్నయ్య అనేవాడు.

అవన్నీ పెద్ద నోటుబుక్కుల్లో రాసేవాడు. అట్ట మీద గుడ్డ అంటించిన పుస్తకాలు, పదకొండు. ఒక్కో పుటకి ఇద్దరు. పుటకి కుడివైపు రెండంగుళాల ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీలో, వేళ చెప్పడానికి వచ్చినవాళ్ళు ఆయనతో మాత్రమే చెప్పిన మాటలు ఉండేవి. ఒకచోట జబ్బు, ఒకచోట తెగిపోయిన సంబంధం, ఒకచోట పెంచుకున్న బిడ్డ అన్న సంగతి. ఇవి తెలియకుండా జాతకం చూస్తే తప్పు చెప్తామని ఆయన అనేవాడు. అన్నిటికంటే ఎక్కువగా ఉండేవి అసలు పుట్టిన సంవత్సరాలు. మా తరంవాళ్ళని బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టారు తనకి తోచిన తేదీ వేసేసేవారు. సగం ఊరు జులై ఒకటిన పుట్టింది. రికార్డులో ఒక వయసు, ఒంటికి ఒక వయసు. రెండోది అన్నయ్య పుస్తకాల్లో ఉండేది.

ఒకరి జాతకం ఇంకొకరికి చూపించేవాడు కాదు. మొగుడు వచ్చి పెళ్ళాం జాతకం అడిగినా, "ఆవిణ్ణి రమ్మనండి" అనేవాడు. వదిన ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పుస్తకాలు తెరవలేదు. జనం ఆయన దగ్గరికి రావడానికి కారణం ఆయన లెక్క కాదు, అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన చెవిలో వేసిన మాట బయటికి రాదు, అదీ కారణం. ఆయనకి ఉన్నది అదొక్కటే.

సూపరింటెండెంటు గారు మండలాఫీసులో పనిచేసేవారు. పాతికేళ్ళ స్నేహం. అన్నయ్యకి నీటికాసులు వచ్చి చూపు మందగించినప్పటి నుంచి, ఆయన రోజూ సాయంత్రం అయిదున్నరకి వచ్చి అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. చదవడం అంటే ఉత్త చదవడం కాదు. మంత్రిని తిట్టి, వాతావరణం వార్తని తప్పుపట్టి, చివరికి వంటనూనె ప్రకటన కూడా గొంతు మార్చి చదివేవారు. అన్నయ్య నవ్వడం నేను ఆ గంటలోనే చూసేవాణ్ణి.

కంప్యూటరు కొనిపించింది నేను. డాక్టరు పోయిన చూపు తిరిగి రాదన్నాడు, ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు. నోటుబుక్కులు ఇంక అన్నయ్య చదవలేడు. నేను వాటిని ఎక్కిస్తే, ఎవరైనా వచ్చినప్పుడు మీట నొక్కి నేను చదివి వినిపిస్తాను, ఆయన చెప్తాడు. ఇది నా ఆలోచన. ఆయన ఒక నెల రోజులు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక ఒకే ఒక మాట అన్నాడు.

"పుటలో ఉన్నది ఎక్కించు. పక్కన రాసినవి వద్దు."

"చదవకుండా ఎలా ఉంటాను? కళ్ళముందే ఉంటాయి కదా."

"చదువుతావు, తెలుసు. ఎక్కించొద్దు అంటున్నాను."

సాయంత్రాలు ఇద్దరికీ కంప్యూటరు మీదే వాదన నడిచేది. సూపరింటెండెంటు గారు కంప్యూటరు పక్షం. వాళ్ళ ఆఫీసుకి ఒకటి వచ్చింది, దానికి గుడ్డ కప్పి ఉంచేవారు, ఆయన మాత్రం దాని గురించి చాలా తెలిసినట్టు మాట్లాడేవారు. మొదటి వారంలోనే అన్నయ్యకి ఒక గెలుపు దొరికింది. నేను ఎక్కించిన ఒక ఆడపిల్ల జాతకం చదివి వినిపిస్తే ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగు. ఉత్తర అంటోందేంటి? ఆ పిల్లది హస్త."

"కంప్యూటరు ఉత్తర అనే అంటోంది."

"ఏ వారం కొట్టావు?"

"పుస్తకంలో గురువారం రాత్రి, తెల్లవారుజాము మూడు అని ఉంది. ఆ గురువారం తేదీయే కొట్టాను."

అన్నయ్య తొడమీద కొట్టుకుని నవ్వాడు. "నాకు పొద్దు పొడిచేదాకా గురువారమేరా. దానికి అర్ధరాత్రికే శుక్రవారం వచ్చేస్తుంది. పిల్లని ఒక రోజు ముందే పుట్టించేశావు."

"చూశారా, తప్పు కంప్యూటరుది కాదండి, తమ్ముడుగారిది," అన్నారు సూపరింటెండెంటు గారు.

"పొద్దు ఎప్పుడు పొడుస్తుందో తెలియని దానికి పగ్గాలిచ్చినవాడిదండీ తప్పు."

ఆ తర్వాత తెల్లవారుజాము పుట్టుకలన్నిటికీ నేను మళ్ళీ మొదటి నుంచి తేదీలు మార్చాను. నోటుబుక్కులో అది తప్పు కాదు, కంప్యూటరులో తప్పు. ఆ తేడా నాకు చాలా రోజులు వింతగా అనిపించింది.

ఇంకో సాయంత్రం తాళం గురించి.

"దీనికి తాళం ఉంది అన్నయ్యా. పాస్‌వర్డు అంటారు. అది తెలియనిదే ఎవరూ తెరవలేరు."

"మర్చిపోతే?"

"కీబోర్డు కింద చీటీ అంటించాను."

సూపరింటెండెంటు గారు పడీపడీ నవ్వారు. "మా ఆఫీసులోనూ అంతేనండి. బీరువా తాళంచెవి బీరువా మీదే ఉంటుంది. గవర్నమెంటు పద్ధతి."

అన్నయ్య నవ్వలేదు. "నా పుస్తకం చూడాలంటే నన్ను దాటి వెళ్ళాలి. దీన్ని చూడాలంటే ఎవర్ని దాటాలి?"

"ఎవరు చూస్తారు మాస్టారూ, మన జాతకాలు? ఎవరికి పనిలేక?"

"పనిలేనివాళ్ళే చూస్తారండి."

"సరే, మీ తర్వాత ఆ పుస్తకాలు ఏమవుతాయి? అంత కష్టపడి రాశారు."

"నాతో పోతాయి."

"అదేం మాటండీ!"

"చెప్పినవాళ్ళు నాకు చెప్పారు. నా తర్వాతవాళ్ళకి చెప్పలేదు కదా."

ఆ మాట నేను విన్నాను. విని కూడా చేశాను.

శుక్రవారం మా లైబ్రరీకి సెలవు. శుక్రవారాలన్నీ ఎక్కిస్తూ కూర్చునేవాణ్ణి. ఆ సాఫ్టువేరులో ప్రతి జాతకానికీ అడుగున ఇతర వివరాలు అని ఒక గడి ఉండేది. మొదటి మూడు పుస్తకాలూ దాన్ని ఖాళీగానే వదిలాను. నాలుగో పుస్తకంలో సిరా అలుక్కుపోయిన పుటలు వచ్చాయి. ఇంకొన్నాళ్ళకి ఇవి ఎవరూ చదవలేరు అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య పనిచేసినవాణ్ణి, ఒక పుట చిరిగిన పుస్తకం కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. సగం ఎక్కించి సగం వదిలేయడం నాకు చేతకాలేదు. తాళం ఉంది కదా అనుకున్నాను. అన్నయ్యకి కనిపించదు కదా అని కూడా అనుకున్నాను. ఇది రాయకపోతే మిగతాది రాయడం అనవసరం. ఆయన పక్క గదిలో పడుకుని నా కీబోర్డు చప్పుడు వింటూ ఉండేవాడు. ఒక్కొక్క జాతకానికి ఎంతసేపు పడుతుందో ఆయనకి తెలుసు. నాలుగో పుస్తకం నుంచి చప్పుడు పెరిగింది. ఆయన ఏమీ అనలేదు. ఆ సాఫ్టువేరు తెలుగు రాయనిచ్చేది కాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. సూపరింటెండెంటు గారి జాతకం ఆరో పుస్తకంలో ఉంది. పక్కన, "బడిలో రెండేళ్ళు తక్కువ" అని. అదీ కొట్టాను.

రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఒక వానాకాలం పిడుగు పడి కంప్యూటరు వెలగడం మానేసింది. దాని సీపీయూ పెట్టెని గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్ళాను. సెంటరాయన విప్పి చూసి, హార్డ్ డిస్కు మార్చాలి, పాతదాంట్లోది కొత్తదాంట్లోకి ఎక్కించాలి, మూడు రోజులు ఉంచండి అన్నారు. "సరిగ్గా వచ్చిందో లేదో తెరిచి చూడాలి కదండీ, పాస్‌వర్డు చెప్పండి" అన్నారు. చెప్పాను. కాగితం మీద రాసి ఇచ్చాను కూడా. అడగవలసిన మాట అడిగినట్టే అనిపించింది. డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగితే చెప్పినట్టు చెప్పాను.

కొన్ని నెలల తర్వాత, ఒకరోజు పొద్దున్న సంబంధాలు చూసే ఒకాయన మా ఇంటికి వచ్చారు. మాకు కొత్త. చేతిలో కాగితాల కట్ట. రెండు జాతకాలు పొసుగుతాయో లేదో అన్నయ్య చేత చూపించుకోవాలని వచ్చారు.

"ఈ రెండూ ఒకసారి చూసి చెప్పాలండి. మీ పేరు చెప్తే రెండువైపులా మారు మాట్లాడరండి."

అన్నయ్య నావైపు చెయ్యి చాపి, "చదువు" అన్నాడు. కాగితం తీసుకున్నాను. చక్రం, వేళ, ఊరు. అడుగున ఇతర వివరాలు. నేను కొట్టిన అక్షరాలే. నేను చేసిన ఒక పొరపాటు కూడా అలాగే ఉంది. పైన ఉన్నది చదివాను. కిందిది చదవలేదు.

"ఈ కాగితాలు ఎక్కడివండీ?" అన్నాడు అన్నయ్య.

"ఆయ్, రాజమండ్రిలో కంప్యూటర్ సెంటరాయన ఇచ్చారండి. చాలా ఉన్నాయండి ఆయన దగ్గర. మన వైపువన్నీ ఉన్నాయి."

అన్నయ్య నావైపు తిరిగి అడిగాడు. "కింద ఇంకేమైనా ఉందా?"

"లేదు," అన్నాను.

"సరే," అన్నాడు.

ఆ రోజే రాజమండ్రి వెళ్ళాను. సెంటరాయన దాచలేదు. దాచవలసిన పని చేశానని ఆయన అనుకోలేదు.

"బ్యాకప్ తీసి ఉంచానండి, మీ మంచికే. రేపు మళ్ళీ పోతే ఎవరు ఇస్తారు? ఒకాయన సంబంధాలకి కావాలంటే కాపీ ఇచ్చాను. నలుగురికీ ఉపయోగం కదండీ."

"అడగకుండా ఎలా ఇచ్చారండి?"

"జాతకాలే కదండీ. పేర్లూ పుట్టిన రోజులూ. ఇందులో ఏముంది?"

ఏముందో ఆయనకి చెప్పాలంటే మళ్ళీ అవన్నీ చెప్పాలి. తుడిచేయండి అన్నాను. నా ముందే తుడిచేశారు. ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయో ఆయనకే తెలియదన్నారు. బస్సులో వస్తూ, ఇది అన్నయ్యకి చెప్పాలి, సూపరింటెండెంటు గారికి కూడా చెప్పాలి అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి అయిదున్నర దాటింది. అరుగు మీద పేపరు చదువుతున్నారు. అన్నయ్య నవ్వుతున్నాడు. లోపలికి వెళ్ళి బియ్యం కడిగాను.

ఇరవై రోజులు అలాగే గడిచాయి. ఆ ఇరవై రోజుల్లో ఏ రోజు చెప్పినా సరిపోయేది.

తర్వాత సూపరింటెండెంటు గారి ఆఫీసుకి ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఈయన వయసు తప్పు, ఈపాటికి రిటైర్ కావలసినవాడు, ఇదిగో జాతకం అని, కాగితం జతచేసి మరీ పంపారు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. ఆయన రిటైరైతే వచ్చే ప్రమోషను కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

ఆ సాయంత్రం ఆయన అయిదున్నరకే వచ్చారు. పేపరు చంకలో ఉంది, తెరవలేదు. జేబులోంచి మడిచిన కాగితం తీశారు. నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను.

"మాస్టారూ, ఒకటి చదువుతాను, వినండి," అన్నారు.

చదివారు. రోజూ చదివే గొంతు కాదు. చివర అడుగున ఉన్న మాట కూడా చదివారు. "ఇది మీ పుస్తకంలోదేనాండీ?"

"నా పుస్తకంలోదే," అన్నాడు అన్నయ్య.

"ఈ రెండేళ్ళ సంగతి మా ఆవిడకి కూడా సరిగ్గా తెలీదు. మీకొక్కరికే చెప్పాను."

"అవును. నాకొక్కడికే చెప్పారు."

"మరి మీరు ఎవరికి చెప్పారు?"

అన్నయ్య తల వంచుకున్నాడు. నేను ఉన్నవైపు చూడలేదు. చూసినా ఆయనకి మనిషి ఆకారం తప్ప కనిపించేది కాదు. నా చేతిలో గ్లాసులు చల్లారుతున్నాయి. నోరు తెరవడానికి అంతకంటే మంచి అదను ఇంకోటి ఉండదని ఆ క్షణంలోనే నాకు తెలుసు.

"చెప్పండి మాస్టారూ. కోపం లేదు. తెలుసుకుందామని."

"నా దగ్గర నుంచే వెళ్ళింది. అంతే అనుకోండి," అన్నాడు అన్నయ్య.

సూపరింటెండెంటు గారు ఇంకాసేపు కూర్చున్నారు. నేను ఇచ్చిన కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టి, "పేపరు ఇక్కడ పెడుతున్నానండి, తమ్ముడుగారు చదువుతారు" అని లేచి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

ఎంక్వయిరీ ఆరు నెలలు నడిచింది. చివరికి బడి రిజిస్టరులో ఉన్నదే సాక్ష్యం, జాతకం సాక్ష్యం కాదని తేల్చారు. ఉద్యోగం పోలేదు. కానీ ఆఫీసులో అటెండరు దగ్గర నుంచి అందరూ ఆయన్ని "తాతగారూ" అని పిలవడం మొదలెట్టారట. "ముందే పుట్టి వెనకాల వెళ్తున్నారు, ఎంత అదృష్టమండీ" అనేవారట. వేళాకోళం చేయడం తప్ప చేయించుకోవడం తెలియని మనిషి. రిటైరైన రోజు దండలు వేయించుకోకుండా పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయారని విన్నాను.

ఊళ్ళో మాట పాకింది. ఒక్కొక్క ఇల్లూ రావడం మానేసింది. ఎవరూ వచ్చి దెబ్బలాడలేదు. చేపలావిడ మాత్రం ఒకసారి వీధిలో నిలబడి, "మా పిల్ల సంగతి కూడా అందులో ఉందాండీ?" అని అడిగింది. ఉందని చెప్పాను. ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. మిగతా ఇళ్ళలో ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు.

పేపరు నేను చదవడం మొదలుపెట్టాను. వారం రోజులు విన్నాక అన్నయ్య అన్నాడు.

"నువ్వు లైబ్రరీలో చదువుకుంటున్నట్టు చదువుతావురా. పక్కవాడికి వినపడకూడదన్నట్టు."

"ఆయన్ని పిలుచుకురానా?"

"ఏమని పిలుస్తావు?"

"నేనే ఎక్కించానని చెప్తాను."

"నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఆయనకి తెలిస్తే ఏమవుతుంది? ఆయన నమ్మింది నిన్ను కాదు, నన్ను. పుస్తకం నీ చేతిలో పెట్టింది నేను."

"చెప్తే మళ్ళీ వస్తారేమో."

"వస్తే వస్తారు. కానీ ఊరు నిన్ను తప్పుపడితే, నా తర్వాత నీకు ఇక్కడ ఇంకెవరున్నారు?" అన్నాడు. "వదిలెయ్."

వదిలేశాను. ఆయన వద్దన్నాడు కాబట్టి వదిలేశానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆయన వద్దనడం నాకు ఎంత తేలికైందో నాకే తెలుసు.

ఆ తర్వాత అన్నయ్య నాలుగేళ్ళు బతికాడు. చూపు పూర్తిగా పోయింది. అయిదున్నర అయ్యేసరికి అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. నేను లైబ్రరీ నుంచి వచ్చి పేపరు తీస్తే, "ముఖ్యమైనవి చెప్పు చాలు" అనేవాడు. రెండు ముక్కలు చెప్పేవాణ్ణి. మిగతా గంట ఇద్దరం వీధి వైపు కూర్చునేవాళ్ళం. సూపరింటెండెంటు గారి ఇల్లు మా వీధికి వెనక వీధి. ఆయన పేపరు పైకి చదువుకుంటారో, మనసులో చదువుకుంటారో అని అన్నయ్య ఒకసారి అడిగాడు. నాకు తెలియదన్నాను.

శ్రావణమాసంలో ఒక పొద్దున్న, కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి, అక్కడే కూలబడ్డాడు. నేను వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మనిషి లేడు.

పదో రోజున సూపరింటెండెంటు గారు వచ్చారు. బాగా ముసలివారయ్యారు. రెండేళ్ళు ఎక్కువ వయసే కనిపించింది. భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆయన అరుగు మీద తన చోట కాకుండా మెట్టు మీద కూర్చున్నారు. నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"మీకొక సంగతి చెప్పాలండి. అవి ఎక్కించింది నేను. అన్నయ్య వద్దన్నాడు. నేను ఎక్కించాను. పాస్‌వర్డు సెంటరాయనకి ఇచ్చింది కూడా నేనే."

ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసండి," అన్నారు. "ఆయన చూపు ఎంతో రోజూ పేపరు చదివేవాడికి తెలియదా? కంప్యూటరు ముందు కూర్చునేది ఎవరో నాకు తెలియదా?"

"ఎప్పటి నుంచి తెలుసండి?"

"ఆ రోజు కాగితం పట్టుకుని వచ్చినప్పుడే తెలుసు. తెలిసే వచ్చాను."

"మరి ఎందుకు మానేశారండి?"

ఆయన చాలాసేపు చెప్పుల పట్టీ సర్దుకున్నారు.

"మా తమ్ముడు చేశాడండి అని ఒక్క మాట అంటారని అడిగాను. అనుంటే నవ్వేసి పేపరు తీసేవాణ్ణి. మీరు గుమ్మంలోనే ఉన్నారు, మీరైనా అంటారనుకున్నాను. ఇద్దరూ అనలేదు. పాతికేళ్ళు నా సంగతులన్నీ ఆయనకి చెప్పాను. ఆయన తన సంగతి ఒక్కటి నాకు చెప్పలేకపోయారు. తోడబుట్టినవాళ్ళు, తప్పులేదండి. కానీ నేను ఏ మొహం పెట్టుకుని వచ్చి ఇక్కడ కూర్చోను?"

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యి ఊపారు. "మర్నాడు రావాలనే అనుకున్నాను. మర్నాడు మీరెవరైనా వస్తారని చూశాను. తర్వాత తర్వాత, ఎన్నో రోజున రావాలో తెలియలేదు," అన్నారు. లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళారు. అంతకంటే గట్టిగా నన్ను ఏమైనా అని ఉంటే బాగుండేది.

వెనక వీధికి రెండు నిమిషాల నడక. నాలుగేళ్ళలో నేను ఆ రెండు నిమిషాలు నడవలేదు. ఆయనా నడవలేదు. నడవలేని మనిషి అన్నయ్య ఒక్కడే.

కంప్యూటరు తర్వాత పూర్తిగా పాడైంది. నేను బాగుచేయించలేదు. పుస్తకాలు అన్నయ్యతో పాటు పోవలసింది, పోలేదు. నెలమాసికం అయ్యాక వాటిని పెరట్లో ఒక్కొక్కటీ చింపి తగలబెట్టాను. నాకు పుట చిరిగితే నిద్రపట్టదని పైన రాశాను. ఆ రోజు రెండు గంటలు చింపుతూ కూర్చున్నాను. చివరి పుస్తకం కాలాక, రాజమండ్రిలో ఎవరి దగ్గరో ఉన్న కాపీలు ఇంకా ఉన్నాయని గుర్తొచ్చింది. అవి తగలబెట్టడానికి దొరకవు.

ఇప్పుడు మండపేటలో బస్టాండు ఎదురుగానే రెండు నెట్ సెంటర్లు ఉన్నాయి. జాతకం కావలసినవాళ్ళు అక్కడికి వెళ్ళి, తేదీ, వేళ గట్టిగా చెప్పి కొట్టిస్తారు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళకి కూడా వినిపిస్తుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు. బడి తేదీయే చెప్తారు, చక్రం దాని మీదే వస్తుంది. పక్కన రాయవలసినది ఏదైనా ఉంటే, అది ఎవరి దగ్గర వాళ్ళు ఉంచుకుంటారు.

బిడ్డ పుట్టిన వేళ చెప్పడానికి మా ఊళ్ళో ఇప్పుడు ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు.